క్యాంపు మాకొద్దు, ఆ పైసలు ఊరి చేతికియ్యండి

పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనుకుంటే తిట్టండి.

గ్రూపులో మెగా హెల్త్ క్యాంపు పోస్టరు పడి నాలుగు రోజులైంది. మనోళ్లు కొందరు పనిచేసే ఒక కంపెనీ ఉట్నూరు ఏజెన్సీలో ఒక్క రోజు క్యాంపు పెడతానంటోంది. పేరు రాయడం లేదు, మా గొడవ ఒక్క కంపెనీతో కాదు. బడ్జెట్ ఆరు లక్షలట. మన గ్రూపు నుంచి నలభై మంది వాలంటీర్లు కావాలట. టీషర్టులు, బిర్యానీ ప్యాకెట్లు వాళ్లే ఇస్తారట. కింద చూస్తే అన్నీ చప్పట్ల బొమ్మలు, "సూపర్ అన్నా"లు. నార్సింగి రూముల్లో ఉంటున్న మేం పద్నాలుగు మందిమి రెండు రాత్రులు కూర్చొని మాట్లాడుకుని ఒక మాటకొచ్చాం. ఈ క్యాంపుకు మన గ్రూపు ఒప్పుకోవద్దు. అవే ఆరు లక్షలను పదిహేను గూడేలకు, తండాలకు నలభై వేల చొప్పున ఇమ్మని అడగాలి. ఏడాది పొడుగునా ఆరోగ్యం పనికి ఎట్లా ఖర్చు పెట్టాలో ఊరే కూర్చొని తేల్చుకోవాలి. కుదరదంటే మన నలభై మందిని పంపొద్దు.

ఎందుకింత మొండిగా అంటున్నామో చెప్తాం. పోయినేడు ఇట్లాంటి క్యాంపుకే మనలో చాలామందిమి పోయాం. పది గంటలకు మొదలైంది, రెండింటికి అయిపోయింది. అందులో గంటసేపు దీపం వెలిగించుడు, శాలువాలు, ఉపన్యాసాలు. తర్వాత బీపీ చూశారు, షుగర్ చూశారు, వేలు గుచ్చి రక్తం ఎంతుందో చూశారు. షుగర్ ఉందని తేలిన పెద్దాయనకు పది రోజుల గోలీలిచ్చారు. పదకొండో రోజు ఆయన ఏం మింగాలో ఎవరూ చెప్పలేదు. ఏడు గ్రాముల రక్తం ఉన్న గర్భిణికి "మంచి తిండి తిను తల్లీ" అని చెప్పి పంపారు. ఆ ఏడు గ్రాములు రాసిన కాగితం ఆమె కొంగు ముడిలోనే ఉండిపోయింది. ఏఎన్ఎం రిజిస్టరులోకి ఎక్కలేదు, ఎందుకంటే ఏఎన్ఎంను ఎవరూ పిలవలేదు. ఆశా అక్కను మాత్రం పిలిచారు, కుర్చీలు సర్దడానికి. పోయేటప్పుడు బ్యానరు జాగ్రత్తగా మడిచి తీసుకుపోయారు, వచ్చే ఊళ్లో పనికొస్తుందని.

"ఒక్క ప్రాణం దక్కినా మంచిదే కదా" అని ఒక అక్క కామెంట్ పెట్టింది. అక్కా, నీ మాట మేం కొట్టిపారెయ్యం. కంటి శుక్లాల క్యాంపు వేరు. బస్సులో తీసుకుపోయి, ఆపరేషన్ చేయించి, మళ్లీ ఇంటికాడ దింపితే ఆ మనిషికి చూపొస్తుంది, పని అయిపోతుంది. అది ఎవరు పెట్టినా మనం పోయి సాయం చేద్దాం. కానీ షుగరు, బీపీ, రక్తహీనత, సికిల్ సెల్, టీబీ ఒక్క పూటలో తేలే సంగతులు కావు. టీబీ మందులు తక్కువలో తక్కువ ఆరు నెలలు మింగాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లకు జన్మంతా చూపించుకోవాలి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టి, మూడేళ్లలో 7 కోట్ల మందిని పరీక్ష చేస్తామన్నది. పరీక్ష చేయించి చేతిలో కార్డు పెడతారు, మంచిదే. కార్డు వచ్చిన తర్వాత నెలనెలా జిల్లా దవాఖానకు పోవడానికి బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలీ ఎవరి లెక్కలో ఉన్నాయి? రోగం పేరు చెప్పి వెళ్లిపోవడం వైద్యం కాదు. మన ఊళ్లలో లోటంతా ఆ చెప్పిన తర్వాతి రోజుల్లోనే ఉంది. ఆ రోజులకు కావలసింది పెద్ద బడ్జెట్లు కావు, చేతిలో ఆడే చిన్న పైసలు.

"చిన్న పైసలతో ఏమైతది" అని ఎగతాళి చేసే అన్నలకు ఒక సంగతి. చిన్న పైసలు ఊరి చేతిలో ఉండాలన్నది మేం కనిపెట్టిన ముచ్చట కాదు, సర్కారే ఒప్పుకున్న మాట. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు ప్రతి రెవెన్యూ గ్రామానికి ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ ఉండాలన్నారు. తర్వాత దానికి పోషణ కూడా కలిపారు. కమిటీకి ఏడాదికి 10 వేల రూపాయలు. దాన్ని అన్‌టైడ్ ఫండ్ అన్నారు, అంటే దేనికి ఖర్చు పెట్టాలో పైనుంచి ఎవరూ కట్టడి చెయ్యని పైసలు. ఏదో ఒక వార్డు మెంబరు అధ్యక్షత, ఆశా కార్యకర్త సభ్య కార్యదర్శి, సగం మంది ఆడవాళ్లు, బ్యాంకులో కమిటీ పేరు మీద ఖాతా. బొత్తిగా లేని కుటుంబంలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే వైద్యానికి కూడా అందులోంచి వాడుకోవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. 2013లో ఆ మార్గదర్శకాలు తిరగరాశారు, పది వేలు మాత్రం పది వేలుగానే ఉంచారు. ఈలోపల ఆటో కిరాయి, డీజిల్ ఎంతకు పోయాయో రోజూ బండి నడిపే మన తమ్ముళ్లను అడగండి.

ఇక్కడ నార్సింగిలో కూర్చొని ఆ పది వేల గురించి ఆలోచిస్తే తల తిరుగుతుంది. మన రూము మిద్దె మీదికెక్కితే కోకాపేట టవర్లు కనపడతాయి. వాటికి సెంట్రింగ్ కొట్టినవాళ్లలో, ఇటుక మోసినవాళ్లలో పాలమూరు తండాల మనోళ్లు ఎంతమందో. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. తెలంగాణలో 12,700 చిల్లర పంచాయతీలున్నాయి. పంచాయతీకి ఒక కమిటీ లెక్కన అన్నిటికీ ఏడాదికి పది వేలు ఇచ్చినా 13 కోట్లు దాటదు. అంటే ఆ ఒక్క ఎకరం పైసలతో రాష్ట్రంలో ప్రతి ఊరి ఆరోగ్య కమిటీనీ ఏడేళ్ల పైన నడపొచ్చు. కోకాపేట ఎకరం అమ్మి మాకియ్యమని మేం అడగడం లేదు. ఈ ఊళ్లో పైసలు లేవు అనే మాట మాత్రం మా ముందు ఎవరూ అనొద్దు.

ఇప్పుడు కంపెనీ పైసల సంగతి. మనలో చాలామంది సీఎస్ఆర్ అంటే కంపెనీవాళ్ల దయ అనుకుంటున్నారు. అది దయ కాదు, చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చెయ్యాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తాను పనిచేసే చోటుకు, చుట్టుపక్కల ప్రాంతాలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉంది. ఈ ఒక్క ముక్క పట్టుకునే హైటెక్ సిటీ చుట్టూ చెరువుగట్లకు రంగులు, ఫుట్‌పాత్ మీద బెంచీలు. అద్దాల బిల్డింగు నుంచి చూస్తే చుట్టుపక్కల అంటే గచ్చిబౌలి వరకే కనపడుతుంది. ఆ బిల్డింగు కట్టిన కూలీ ఏ తండా నుంచి వచ్చిండో అక్కడిదాకా చూపు పోదు. కేంద్రమే వెనుకబడ్డవి అని గుర్తించి ఆస్పిరేషనల్ జిల్లాల్లో చేర్చిన ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఇదే రాష్ట్రంలో ఉన్నాయి.

ఏడాది చివర ఖర్చు కాకుండా మిగిలిన పైసలను చట్టంలో చెప్పిన నిధికి జమ చెయ్యాలి. మామూలు ప్రాజెక్టయితే ఆరు నెలల్లో, ఏళ్ల తరబడి నడిచేదయితే వేరే ఖాతాలో 30 రోజుల్లో. అందుకే ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే క్యాంపుల మీద క్యాంపులు. ఒక్క రోజులో ఆరు లక్షల బిల్లు తేలాలంటే క్యాంపును మించినది లేదు. టెంటు, బస్సు, భోజనాలు, ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫరు. పొద్దున ఖర్చు మొదలైతే సాయంత్రానికి ఫొటోలతో సహా ఫైలు తయారు. మన గూడెం రోగాల క్యాలెండరు జులైలో మొదలవుతుంది. వాగు పొంగుతుంది, జ్వరాలు లేస్తాయి, బడిపిల్లలు పడిపోతారు. కంపెనీ క్యాలెండరు మార్చిలో ముగుస్తుంది. రెండింటికీ పొత్తు ఎట్లా కుదురుతుంది?

"ఊళ్లకు నేరుగా ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు బ్రదర్" అని ఆ కంపెనీలో పనిచేసే మన అన్న ఒకాయన ఫోన్‌లో చెప్పిండు. రూల్స్ మేమూ చదివినం అన్నా. 2021 జనవరిలో మార్చిన సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం కంపెనీ బయటి ఎన్జీవో చేత పని చేయిస్తే, ఆ సంస్థకు 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, అట్లాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. నిజమే. కానీ అదే నిబంధనలో మొట్టమొదటి మాట ఏమిటి? కంపెనీ ఆ పని తానే స్వయంగా చెయ్యవచ్చు. స్వయంగా చేస్తే మూడేళ్ల అనుభవం అడిగేవాడు లేడు. ఊరు తీర్మానం చేసి మాకు స్ట్రెచరు కావాలి, వానాకాలం నాలుగు నెలలు ట్రాక్టరు కిరాయి కావాలి అని రాసిస్తే, ఆ బిల్లు కంపెనీ నేరుగా కట్టొచ్చు. ఇంకో దారి కూడా ఉంది. సర్కారు పెట్టిన సొసైటీ ద్వారా ఇస్తే మూడేళ్ల షరతు లేదు. ప్రతి జిల్లాలో జిల్లా ఆరోగ్య సొసైటీ ఉంది, ఐటీడీఏలూ సొసైటీలుగానే రిజిస్టరయ్యాయి. పైగా చట్టప్రకారం ప్రభావ అంచనా వేయించాల్సింది 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, అదీ కోటి, ఆపై ప్రాజెక్టులకే. నలభై వేల పనికి ఆ తలనొప్పి కూడా లేదు. అడ్డం వచ్చేది రూలు కాదన్నా. పదిహేను ఊళ్లతో పదిహేను సార్లు మాట్లాడాల్సి వస్తుందే, ఆ ఓపిక లేకపోవడం.

మన సీనియర్లు కొందరు చెప్పే సలహా ఇంకోటి ఉంది: "ముందు మీరొక ఎన్జీవో పెట్టుకోండి." ఈ సలహా మీద మాకు కొంచెం కోపం ఎక్కువే. మంచి మనసుతో చెప్తున్నారు, కాదనం. కానీ ఆలోచించండి. గూడెంలో ఏ ఐదుగురికైనా జ్వరాల కాలంలో నాలుగు పనులు చెయ్యాలని ఉంది. వాళ్లు ముందు జిల్లా కేంద్రానికి పోయి సొసైటీ రిజిస్టరు చెయ్యాలి, పాన్ కార్డు తీయాలి, ఆడిటరుకు ఏడాదికింత కట్టాలి, 12ఏ, 80జీ తెచ్చుకోవాలి, మూడేళ్లు పైసా లేకుండా పనిచేసి అనుభవం చూపించాలి. నలభై వేల పనికి కాగితాల ఖర్చే సగం పోతుంది. ఒకప్పుడు పెద్ద సంస్థలు విదేశీ నిధులు తెచ్చుకొని, అందులోంచి చిన్న సంఘాలకు తలా కొంత పంచేవి. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ పైసలను ఇంకో సంస్థకు ఇవ్వడాన్నే నిషేధించారు. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు నీళ్లు పోయే తూము మూసేశారన్నమాట. ఇక మిగిలింది ఎవరు? హైదరాబాద్‌లో ఆఫీసు, ఇంగ్లిష్‌లో ప్రపోజల్ రాసే మనిషి, పవర్‌పాయింట్ ఉన్నవాళ్లు. వాళ్లలో మంచివాళ్లు లేరని కాదు. కానీ గూడెం మనుషులు ఎన్జీవోగా మారితే తప్ప గూడేనికి నలభై వేలు రావనడం, చేపను చెట్టెక్కి చూపించమనడం లాంటిది. మనకు ఎన్జీవో కన్నా పాత సంస్థ ఉంది. దాని పేరు గ్రామసభ.

దీనికి చట్టం బలం కూడా ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు ఒక హక్కు ఇచ్చింది: ప్రణాళికల మీద పంచాయతీ పెట్టిన ఖర్చు సరిగ్గా జరిగిందని వినియోగ పత్రం ఇవ్వాల్సింది గ్రామసభే. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దీనికి నియమాలూ వచ్చాయి. అంటే సర్కారు పైసల ఖర్చుకే ఊరి సంతకం కావాలని పార్లమెంటు అన్నది. అదే ఊరికి నలభై వేలు ఇయ్యడానికి ఓ కంపెనీకి భయమేమిటి? (మైదాన తండాలకు పెసా లేదు, ఆ సంగతి మాకు తెలుసు. నల్గొండ, జనగామ తమ్ముళ్లు అక్కడ పంచాయతీ గ్రామసభ పట్టుకోవాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన గుత్తికోయల గూడేలకు పంచాయతీలోనే చోటు దక్కని పరిస్థితి. అక్కడ పక్క గూడెం పూచీతో ఇయ్యాల్సి ఉంటుంది. లంబాడా, ఆదివాసీ పంచాయితీని మాత్రం దయచేసి ఈ పోస్టు కింద పెట్టొద్దు, దానికి వేరే రోజు చూద్దాం.)

ఇక బయటికి అనకుండా అందరి మనసులో ఉన్న మాట: "ఊరోళ్లకు ఇస్తే తింటరు." మన గ్రూపులోనే ఒక తమ్ముడు అన్నడు. తమ్మీ, క్యాంపు టెంటు బిల్లు ఎంతో ఎప్పుడన్నా అడిగినవా? ఫ్లెక్సీ ఒక్కటి ఎంతకు కొట్టించిండ్రో ఎవరికన్నా తెలుసా? వాళ్లు ఖర్చు పెడితే దానికి లెక్క, మనం పెడితే అది తినుడు. మన ఊళ్లలో జాతర చందా లెక్క ఎట్లా చెప్తరో చూసినవాళ్లకు తెలుసు. అందరి ముందు కూర్చొని ఎవరెంత ఇచ్చింది, మేక ఎంతకు కొన్నది, మిగిలిందెంత అని గట్టిగా చదువుతరు. ఇరవై రూపాయల తేడా వస్తే రాత్రి పన్నెండు దాకా లేవనీయరు. 2020లో సాలూరు మండలం కొదమ పంచాయతీవాళ్లు తమలో తాము చందాలేసుకొని కొండమీదికి రోడ్డు తవ్వుకున్నారు. అప్పుడు వాళ్లను ఆడిటు రిపోర్టు ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ పైసలు వాళ్లవే. మన సొంత పైసలతో మనం రోడ్డేసుకుంటే స్ఫూర్తిదాయకం అని వార్త రాస్తారు, బయటి పైసలు చేతికివ్వాలంటే మాత్రం అనుమానం. ఎవరూ తినరని మేం పూచీ ఇవ్వం. పదిహేనులో ఒకటో రెండో ఊళ్లలో గోల్‌మాల్ జరగొచ్చు. జరిగితే ఆ ఊరికి తర్వాతి ఏడాది ఆపండి. మిగతా పదమూడు ఊళ్లకు ముందే శిక్ష వెయ్యకండి.

చిన్నగా మొదలైనవి ఎక్కడికి పోయాయో చూడండి. ఆసిఫాబాద్ నుంచి ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1986లో సెర్చ్ అనే సంస్థ పెట్టారు. పసిబిడ్డలు పుట్టిన నెలలోపే చనిపోతుంటే, పెద్ద దవాఖాన కట్టే దాకా ఆగలేదు. ఊరి ఆడవాళ్లకే బిడ్డను వెచ్చగా ఉంచడం, తూకం చూడడం, ఊపిరాడకపోతే ఏం చెయ్యాలి, చీము పడితే ఏ మందివ్వాలి అన్నీ నేర్పారు. 39 ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చదువు అంతంతమాత్రం ఉన్న ఊరి ఆడమనిషి చేతికి ఆ పని అప్పగించడమేందని అప్పుడూ అన్నవాళ్లున్నారు. ఈరోజు మన ఆశా అక్క బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరేడు సార్లు వచ్చి బిడ్డను చూసిపోతుందే, దేశమంతా 2011 నుంచి నడుస్తున్న ఆ పద్ధతికి మూలం అక్కడే. ఆశా కన్నా ముందే 2002లో పక్క ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ పేరుతో ఊరి ఆడవాళ్ల దళం మొదలైంది. ఢిల్లీ నుంచి గూడేనికి వచ్చిన పథకాలు అనుకుంటున్నాం గానీ, కొన్ని గూడెం నుంచి ఢిల్లీకి పోయి వచ్చినవి.

ఇంకా దగ్గరిది చెప్తాం. 2018లో పార్వతీపురం ఐటీడీఏ పరిధిలో, సాలూరులో ఉన్న యువజన శిక్షణ కేంద్రం భవనాన్నే కొండమీది ఊళ్ల గర్భిణుల వసతి గృహంగా మార్చారు. నెలలు నిండేముందే వచ్చి ఉంటారు, తిండి, పరీక్షలు అక్కడే, నొప్పులొస్తే దవాఖాన పక్కనే. డోలీలో మోసుకొచ్చే దారిలో కాన్పు అయ్యే బాధ తప్పింది. కొత్త బిల్డింగు కాదు, కొత్త టెండరు కాదు. ఉన్న బిల్డింగులో మంచాలు, వంట. ఉట్నూరులో మన ఆడవాళ్ల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది, రక్తహీనతకు మందు మన అడవిలోనే ఉందని తెలిసినవాళ్లు వాళ్లు. ఇట్లాంటివాటికి మొదటి ఏడాది కావలసింది కోట్లు కాదు.

సరే, నలభై వేలతో ఒక గూడెం ఏం చేసుకుంటుంది? మేం ఊళ్లకు ఫోన్లు చేసి అడిగాం. వచ్చిన జవాబులు ఏ కంపెనీ ప్రపోజల్‌లోనూ మేం చూడలేదు. ఒక కోలాం గూడెం పెద్దాయన అన్నడు, "దవాఖానల మా మాట చెప్పేటోడు కావాలె." ఆలోచించండి. కోలామీ తప్ప ఇంకోటి రాని అవ్వ డాక్టరు ముందు కూర్చుంటుంది. డాక్టరు తెలుగులో అడుగుతడు. అవ్వ తలూపుతుంది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, ఏదీ చెప్పలేదు. డాక్టరు తప్పూ కాదు, అవ్వ తప్పూ కాదు. వారానికి రెండు రోజులు ఓపీ దగ్గర కూర్చొని గోండి, కోలామీ, కోయ మాట్లాడే ఒక డిగ్రీ పిల్లవాడికి రోజుకు మూడు వందల యాభై ఇస్తే, వంద రోజులకు ముప్పై అయిదు వేలు. ఒక్క ఊరి గ్రాంటుతో ఆ దవాఖానకు వచ్చే ఊళ్లన్నిటికీ పని జరుగుతుంది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు మన గ్రూపులోనే ఎంతమంది లేరు. 1943లో మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇప్పించింది ఎందుకు? పిల్లల మాట తెలిసినవాడే పాఠం చెప్పగలడని. బడికి పనికొచ్చిన తెలివి దవాఖానకు పనికిరాదా?

ఇంకో గూడెంవాళ్లు అడిగింది వాగు అవతల ఒక ట్రాక్టరు. 108 వాగు ఇవతలి వరకు వస్తుంది. అవతలి నుంచి ఇవతలికి తెచ్చే రెండు కిలోమీటర్లే ప్రాణం తీసేది. వానాకాలం నాలుగు నెలలు, ఏ రాత్రి ఫోన్ చేసినా ట్రాక్టరు తీస్తానని ఒప్పుకున్నవాడికి డీజిలు, కొంత బత్తా. ఇంకోచోట చేతిపంపు రిపేరు, బ్లీచింగు. ఇంకోచోట సికిల్ సెల్ ఉన్న ముగ్గురు పిల్లలకు ఏడాది బస్సు చార్జీలు, తోడు పోయే తల్లి కూలీ. ఒక తండాలో ఆడవాళ్లు నవ్వుతూనే అడిగారు, సబ్ సెంటరులో పరీక్ష చేసే చోట ఒక పరదా, తలుపుకు గడియ కావాలని. ఈ చివరిది ఎన్ని రూపాయల పని? హైదరాబాద్‌లో కూర్చున్న ఎవరికైనా తట్టేదేనా? చిన్న గ్రాంటు పెద్ద గ్రాంటుకు బీద చుట్టం కాదు. పెద్దదానికి కనపడనివి దీనికి కనపడతాయి.

ఇప్పుడు మాకు నిజంగా గట్టిదనిపించిన అభ్యంతరం. ఒక అన్న పెద్ద మెసేజ్ పెట్టిండు: ఆరోగ్యం సర్కారు బాధ్యత, కంపెనీ బిచ్చం తీసుకుంటే సర్కారు తప్పించుకుంటది. అన్నా, ఇందులో సగం నీదే నిజం. గిరిజన ప్రాంతంలో 3 వేల జనాభాకు ఒక సబ్ సెంటరు, 20 వేలకు ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది సర్కారే పెట్టుకున్న కొలత. డాక్టరు జీతం, ఏఎన్ఎం పోస్టు, మందులు, అంబులెన్సు, రోడ్డు, వంతెన, వీటిలో ఒక్కదానికీ చిన్న గ్రాంటు పైసా ముట్టొద్దు. అట్లా ముడితే నువ్వన్నట్టే అవుతుంది. ఈ షరతు మన తీర్మానంలో రాద్దాం, నువ్వే రాయి. కానీ మిగతా సగం ఒప్పుకోం. వాగు మీద వంతెన వచ్చేదాకా ట్రాక్టరు వద్దనడానికి మనకు మనసెట్లా ఒప్పుతుంది? వంతెన కోసం ధర్నా చేసేది కూడా ఆ ట్రాక్టరెక్కి బతికిన మనుషులే. పైగా కమిటీ కూర్చొని నలభై వేల లెక్క రాసుకోవడం నేర్చుకున్న ఊరు, పీహెచ్‌సీకి వచ్చే లక్షా డెబ్బై అయిదు వేల లెక్క కూడా అడుగుతుంది. సర్కారుకు అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

అందుకే కంపెనీ దగ్గరికి పోయేముందు మన ఇంటి పని ఒకటుంది. మన ఊరి కమిటీకి రావాల్సిన పది వేలు వస్తున్నాయా? గ్రూపులో ఇంతమంది ఉన్నాం, తన ఊరి కమిటీలో ఎవరున్నారో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? కమిటీ రెవెన్యూ గ్రామానికి ఒకటి కాబట్టి అయిదు కిలోమీటర్ల అవతల ఉన్న గూడెం పేరు దాని పుస్తకంలో ఉండకపోవచ్చు. 2018 చట్టం తర్వాత తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి గానీ, ఆరోగ్య కమిటీలు వాటి లెక్కన మారాయా అన్నది ఊరూరా తేల్చుకోవాల్సిందే. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలకు సర్పంచులు, వార్డు మెంబర్లు లేరు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఆ రెండేళ్లు కమిటీ చెక్కు మీద సంతకం ఎవరిది? 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యాయి, కొత్తగా గెలిచినవాళ్లలో మన క్లాస్‌మేట్లు, మన వదినలు, మన మేనమామలు ఉన్నారు. కమిటీ కొత్తగా వేయించడానికి ఇంతకన్నా మంచి అదను రాదు. పీహెచ్‌సీలో అడిగితే చెప్పకపోతే ఆర్టీఐ రాయండి. ఎట్లా రాయాలో తెలియనివాళ్లకు మేం రాసిపెడతాం.

కంపెనీకి పంపే లెటరు ముసాయిదా తయారుగా ఉంది. క్యాంపు బదులు పదిహేను ఊళ్లు, ఊరికి నలభై వేలు. జూన్‌లోపు చేతికందాలి. ఖర్చు లెక్క మూడు నెలలకోసారి గ్రామసభలో చదివి, గోడ మీద రాయాలి. బ్యానరు మీద కంపెనీ పేరు వేసుకుంటామంటే వేసుకోనీ, గోడ మీద లెక్క పక్కన వేసుకోనీ. డాక్టర్లుగా పనిచేస్తున్న మన అన్నలు, అక్కలు నెలకొక్కసారి ఫోన్‌లో ఆ ఊళ్ల ఆశాలకు అందుబాటులో ఉంటామని ఒప్పుకున్నారు. ఇప్పటికి ముగ్గురు, ఇంకా కావాలి. కంపెనీలో పనిచేసే మన అన్నకు ఈ లెటరు లోపలికి తీసుకుపోవడం ఇబ్బందే, ఉద్యోగం సంగతి మాకు తెలుసు. అందుకే మేమే పోయి ఇస్తాం, అన్న పేరు ఎక్కడా రాదు.

ఆదివారం పొద్దున పది గంటలకు నార్సింగిలో మా రూముకు రండి. లొకేషన్ కింద పెడతాం. వచ్చేముందు మీ ఊరి ఆశా అక్కకు ఒక్క ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కొని రండి: కమిటీ ఉందా, ఖాతాలో ఎంత ఉంది, పోయినేడు దేనికి ఖర్చయింది. క్యాంపు కావాలనేవాళ్లు కూడా తప్పకుండా రావాలి, మీ మాట విన్న తర్వాతే చేతులెత్తించి తేలుద్దాం. మధ్యాహ్నం అన్నం, పప్పు మేం వండుతాం, ప్లేట్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, మా దగ్గర ఆరే ఉన్నాయి.